మెజారిటీ జవాబు

ఆ రోజు పొద్దున లెక్కల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, స్కూలుకి వెళ్ళాలి, ఏడో తరగతి పిల్లలకి పది లెక్కలు హోంవర్క్ ఇవ్వాలి, మర్నాడు వాళ్ళ నోటుపుస్తకాల్లోంచి ఆ పది జవాబులూ గుట్టుచప్పుడు కాకుండా ఎక్కించుకోవాలి. అంతే. లెక్కలివ్వడం ఆయన ఉద్యోగం, చేసుకురావడం వాళ్ళ చదువు. మధ్యలో ఆయన నాలుగు ముక్కలు నేర్చుకుంటే ఎవరి సొమ్మేం పోయింది?

ఇంత గతి పట్టడానికి కారణం ఒక సర్క్యులర్. వచ్చే నెల టీచర్లందరూ తమ తమ సబ్జెక్టుల్లో పరీక్ష రాయాలట. రెండుసార్లు తప్పినవాళ్ళని, ఎన్నేళ్ళ సర్వీసున్నా, పర్మనెంటయినా సరే, ఇంటికి పంపేస్తారట. దాంతో పాటు పది లెక్కల నమూనా ప్రశ్నపత్రం వచ్చింది, జవాబులు మాత్రం రాలేదు. మాస్టారు పంతొమ్మిదేళ్ళుగా గైడు పక్కన పెట్టుకునే పాఠం చెప్తున్నారు. ఆ గైడులో ఆయనకి బాగా తెలిసినవి జవాబులుండే వెనక పేజీలే. వెనక పేజీల్లేని ప్రశ్నపత్రం చేతికి వచ్చేసరికి ఆయన గుండెల్లో రాయి పడింది. అప్పట్నుంచీ తిండి సయించడం లేదు.

"పక్క క్లాసులో చిన్న టీచరుంది కదా, ఆ అమ్మాయిని అడగండి," అంది భార్య, జుట్టు దువ్వుకుంటూ. ఆవిడది ఆస్పత్రిలో మందుల కౌంటర్ దగ్గర ఉద్యోగం, ఎనిమిదింటికల్లా ఉండాలి.

"ఏ మొహం పెట్టుకుని అడగను? పోయినేడు ఆ అమ్మాయి క్లాసు చూసి, పాఠం చెప్పే తీరు మెరుగుపడాలని రిపోర్టు రాసింది నేనేగా."

"మరి మెరుగుపడిందా?"

"అంతకు ముందే బాగుంది. ఏదో ఒకటి రాయాలని రాశాను."

చిన్న టీచరుది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. ఆ రిపోర్టు పుణ్యమా అని పోయినేడు ఆ పొడిగింపు మూడు నెలలు ఆగింది. అప్పట్నుంచీ వరండాలో ఆ అమ్మాయి ఎదురైతే మాస్టారు గోడమీద గడియారం చూసుకుంటారు. ఆ వరండాలో గడియారం లేదు.

పిల్లలు లెక్కలు అశ్రద్ధగా చేస్తారేమోనన్న భయంతో మాస్టారు ఒక ముక్క కలిపారు. "ఈ పదింటికీ సంవత్సరం మార్కుల్లో పాతిక మార్కులు," అన్నారు. ఆ ముక్క సాయంత్రానికి ముప్ఫై ఎనిమిది ఇళ్ళకి చేరింది. పాతిక మార్కులంటే మాటలు కాదు. తల్లులూ తండ్రులూ పిల్లల చేతుల్లోంచి పెన్సిళ్ళు లాక్కున్నారు.

మర్నాడు వచ్చిన పుస్తకాలు చూసి మాస్టారికి మతిపోయింది. ఏడో తరగతి పుస్తకాల్లో ఒక్కటి తప్ప ఏదీ ఏడో తరగతి దస్తూరి కాదు. ఒకదాంట్లో జవాబు కింద ఆఫీసు సంతకం ఉంది. ఒకదాంట్లో జవాబులు టైపు చేసి అంటించారు. మొదట ఆయనకి సంతోషమే వేసింది, పెద్దవాళ్ళు చేస్తే ఇంకా నయం కదా అని. తీరా పదో లెక్క దగ్గరికి వచ్చేసరికి ఆ సంతోషం ఆవిరైంది. ఒక బస్సు గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో వెళ్ళి, అదే దారిలో అరవై కిలోమీటర్ల వేగంతో తిరిగి వచ్చింది. మొత్తం ప్రయాణంలో దాని సగటు వేగం ఎంత? ఇదీ లెక్క. ముప్ఫై ఒక్క మంది యాభై అన్నారు. ముగ్గురు వంద అన్నారు. ఇద్దరు ఇరవై అన్నారు. ఒకాయన అది డ్రైవరు మీద ఆధారపడి ఉంటుందని రాశారు. మిగిలిన ఒక్క పుస్తకంలో నలభై ఎనిమిది అని ఉంది.

సాయంత్రం భోజనాల బల్ల మీద కాగితం పరిచి గీతలు గీస్తుంటే భార్య వచ్చి తొంగిచూసింది.

"ఏమిటవి?"

"ఓట్లు."

"లెక్కకి ఎన్నికలు పెట్టారా?"

"ముప్ఫై ఒక్క మంది చదువుకున్నవాళ్ళు యాభై అంటుంటే కాదనడానికి నేనెవర్ని?"

"లెక్కల మాస్టారు," అంది ఆవిడ. ఆయన వినపడనట్టు ఇంకో గీత గీశారు.

నలభై ఎనిమిది అన్న పుస్తకం వీధి చివర బట్టలు కుట్టే టైలరమ్మ కూతురిది. అన్నిటిలోకీ అదొక్కటే పిల్ల దస్తూరి. రబ్బరుతో చెరిపి చెరిపి కాగితం చిల్లు పడింది. పాపం, ఇంట్లో చేసిపెట్టే దిక్కు లేదు కాబోలని మాస్టారు జాలిపడి, ఎర్ర సిరాతో ఇంటూ కొట్టారు. ముప్ఫై ఒక్క యాభైలకీ టిక్కులు పడ్డాయి.

పది లెక్కలు ఇరవై అయ్యాయి, ఇరవై నలభై అయ్యాయి. మార్కెట్లో దొరికిన పాత పరీక్ష పేపర్లన్నీ మాస్టారు హోంవర్కులోకి దింపేశారు. రోజూ ఓట్లు లెక్కపెట్టి మెజారిటీ జవాబు ఎక్కించుకుంటున్నారు. తన పుస్తకం నిండుతోందన్న ధైర్యమే తప్ప, ముప్ఫై ఏడు ఇళ్ళలో ఏం జరుగుతోందో ఆయనకి తెలియదు.

రెండు వారాలకి తెలిసింది. గురువారం మధ్యాహ్నం మేడ మీద వరండాలోంచి చూస్తే, ఆరుగురు తల్లిదండ్రులు నోటుపుస్తకాలు చంకలో పెట్టుకుని హెచ్చెమ్ మేడమ్ గదిలోకి వెళ్తున్నారు. అయిపోయింది, దొరికిపోయాను, అనుకున్నారు మాస్టారు. గబగబా మ్యాపుల గదిలో దూరి, చుట్టచుట్టిన మ్యాపుల వెనక కూర్చుని సెలవు చీటీ రాశారు. మూడు రోజులు అని రాసి, కొట్టేసి, పదిహేను రోజులు అని దిద్దారు. అదీ కొట్టేసి, స్వచ్ఛంద పదవీ విరమణ అని మొదలుపెట్టి, 'స్వచ్ఛంద' దగ్గర ఆగిపోయారు. అటెండరు అక్కడే పట్టుకున్నాడు.

"మేడమ్ పిలుస్తున్నారు సార్. మీ గురించే మాట్లాడుతున్నారు."

"కోపంగా ఉన్నారా?"

"తెలీదు సార్. అందరూ నిలబడే ఉన్నారు."

మాస్టారు కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళారు. లోపలున్నవాళ్ళు ఆయన్ని చూసి మరికాస్త నిటారుగా నిలబడ్డారు. వాళ్ళ మొహాల్లో ఉన్నది కోపం కాదు, భయం. బ్యాంకులో పనిచేసే తండ్రి గొంతు సవరించుకున్నాడు.

"మేం ఓడిపోయాం సార్. మీరు పెంచిన స్టాండర్డు మాకు అందడం లేదు."

"నేను డిగ్రీలో చదివింది లెక్కలే," అంది ఒక తల్లి. "ట్రైన్ల లెక్క దగ్గర మొదలై మా ఆయనకీ నాకూ నాలుగు రోజులుగా మాటల్లేవు."

"పిల్లలకేం పట్టదు సార్. నాన్నా, తొందరగా చేసెయ్, నాకు నిద్రొస్తోంది, అంటారు," అన్నాడు ఇంకొకాయన దిగులుగా.

వాళ్ళు అడిగిందల్లా ఒక్కటే. శనివారం తమకొక క్లాసు చెప్పాలి, ఆ బస్సు లెక్కతోనే మొదలుపెట్టాలి. హెచ్చెమ్ మేడమ్ మొహం వెలిగిపోతోంది. "ఒక టీచరు కోసం పేరెంట్స్ ఇలా రావడం నా సర్వీసులో చూడలేదు. విద్యాధికారి గారికి ఫోన్ చేశాను. స్వయంగా వస్తామన్నారు."

"ఏ విద్యాధికారి మేడమ్?"

"ఆ పరీక్ష సర్క్యులర్ పంపారే, ఆయనే."

"శనివారం నాకు ఒంట్లో బాగుండదు మేడమ్," అన్నారు మాస్టారు.

"శనివారం సంగతి గురువారమే ఎలా తెలిసింది?"

దానికీ వెనక పేజీల్లేవు.

శనివారం ఏడో తరగతి గదిలో బెంచీలన్నీ పెద్దవాళ్ళతో నిండిపోయాయి. మోకాళ్ళు బల్లకి తగులుతుంటే పక్కకి తిరిగి కూర్చున్నారు. ఒకరి పుస్తకంలోకి ఒకరు దొంగచూపులు చూసుకుంటున్నారు. చివరి బెంచీలో విద్యాధికారి, ఒళ్ళో ఫైలు. ఆయన పక్కన హెచ్చెమ్ మేడమ్. మాస్టారు బస్సు లెక్క బోర్డు మీద రాశారు.

"జవాబు యాభై," అన్నారు. ముప్ఫై ఒక్క కుటుంబాలు ఊపిరి పీల్చుకున్నాయి.

"ఎందుకండీ?" అని ఒక గొంతు వినపడింది.

టైలరమ్మ లేచి నిలబడింది. మెడలో కొలతల టేపు తియ్యడం మర్చిపోయి వచ్చింది.

"నాకు లెక్కలు రావు సార్. అందుకని మా అమ్మాయి చేసిందల్లా నాకు అర్థమయ్యేట్టు చెప్పమంటాను. అర్థమయ్యాకే సంతకం పెడతాను. ఈ లెక్క నాకు మూడుసార్లు చెప్పింది. నలభై ఎనిమిది అంది. మీరు తప్పని కొట్టారు."

"అమ్మా, అదీ..." మాస్టారు నీళ్ళు నమిలారు.

"మార్కులు పోతే పోయాయి సార్. మీరు తప్పన్నారని అది నలభై ఎనిమిది చెరిపేసి యాభై అని రాసుకుంది. ఎందుకే అంటే, సార్ చెప్పారుగా అంది. అప్పట్నుంచీ నాకేదీ చెప్పడం లేదు. నాకు భయమేసి వచ్చాను."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. పంతొమ్మిదేళ్ళలో ఎన్ని ఇంటూలు కొట్టి ఉంటారో ఆయనకే తెలియదు. ఆ క్షణాన ఉద్యోగం సంగతి కూడా ఆయనకి గుర్తు రాలేదు. సుద్దముక్క ఆవిడ చేతిలో పెట్టి, "ఆ అమ్మాయి మీకెలా చెప్పిందో అలాగే చెప్పండి," అని ముందు బెంచీలో ఇరుక్కుని కూర్చున్నారు.

"ఒకవైపు దూరం నూట ఇరవై కిలోమీటర్లు అనుకోమంది," అని మొదలుపెట్టింది టైలరమ్మ. "నలభై చొప్పున వెళ్ళడానికి మూడు గంటలు. అరవై చొప్పున రావడానికి రెండు గంటలు. మొత్తం అయిదు గంటల్లో రెండు వందల నలభై కిలోమీటర్లు. గంటకి నలభై ఎనిమిది. బస్సు మెల్లగా నడిచిందే ఎక్కువసేపమ్మా, దాని మొగ్గు ఎక్కువుండదా అంది."

మాస్టారికి ఆ లెక్క జీవితంలో మొదటిసారి అర్థమైంది. ఆ సంతోషంలో వెనక్కి తిరిగి చూస్తే, విద్యాధికారి ఫైలు తెరిచి, ఒక కాగితం చూసి, చటుక్కున మూసేశారు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

క్లాసు అయిపోగానే అధికారి మాస్టారి భుజం మీద చెయ్యి వేసి మ్యాపుల గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశారు. మాస్టారి పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఎలా కనిపెట్టారు?" అన్నారు అధికారి గుసగుసగా.

"ఏది సార్?"

"దాచకండి. నమూనా పేపరుకి జవాబుల పట్టిక తయారుచేసింది నేనే. పదో జవాబు యాభై అని రాసి, సంతకం పెట్టి పైకి పంపేశాను. మీరు కావాలనే ఆ లెక్క ఎత్తుకుని, కావాలనే యాభై అని నాటకమాడి, ఆవిడ చేత నాకు బుద్ధి చెప్పించారు. పిటిషన్ పెట్టి ఉంటే నా గతేమయ్యేది? పెద్దమనసు మీది."

మాస్టారు నోరు తెరిచారు. నిజం చెప్పాలనే తెరిచారు. అధికారి చెప్పనివ్వలేదు.

"మీరు పరీక్ష రాయనక్కర్లేదు. అసలు పేపర్లో వంద లెక్కలున్నాయి. వాటికి జవాబుల పట్టిక మీరే తయారుచెయ్యండి. పై శనివారానికి ఇవ్వాలి. ఒక్కటి తప్పినా, ఈసారి మనిద్దరం కలిసే ఇంటికి."

ఆదివారమంతా మాస్టారు వంద లెక్కలూ ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఓట్లు వేయించడానికి వీల్లేదు, అది రహస్య పేపరు. సోమవారం పొద్దున్నే క్లాసులో టైలరమ్మ కూతురి పుస్తకం తెరిచి, దిద్దుకున్న యాభైనీ ఎర్ర సిరా ఇంటూనీ అందరి ముందూ కొట్టేసి, నలభై ఎనిమిది అని రాసి, పక్కన టిక్కు పెట్టి, సంతకం చేశారు. అమ్మాయి ఆ టిక్కు వంక చూసిందే గాని నవ్వలేదు. సాయంత్రం ఆయన టైలరు షాపు ముందు బెంచీ మీద కొత్త నోటుపుస్తకంతో కూర్చున్నారు. ఆ వంద లెక్కలు వేరే, వాటిని మాస్టారే చేసుకోవాలి. చెయ్యడం ఎలాగో మాత్రం అమ్మాయి నేర్పుతుంది. మిషను కుడుతూ తల్లి వింటోంది. రెండు గంటలు నేర్పి, రేపటికి చేసుకురమ్మని అమ్మాయి అయిదు లెక్కలిచ్చింది. తప్పితే ఏమంటుందోనన్న భయంతో మాస్టారికి మళ్ళీ తిండి సయించలేదు.

మంగళవారం సాయంత్రం అమ్మాయి ఆయన పుస్తకం తెరిచింది. అయిదూ సరిగ్గా ఉన్నాయి. పేజీ తిప్పి చూసింది, దీపం దగ్గర పెట్టి ఇంకోసారి చూసింది.

"ఇవి మీరే చేశారా సార్?"

దస్తూరి వాళ్ళావిడది.