కుడివైపు నలుపు, ఎడమవైపు తెలుపు

శనివారం పొద్దున కళ్ళద్దాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగాలి, మోటారుసైకిలు మీద టైర్ల షాపుకు వెళ్ళాలి, అరిగిపోయిన టైర్లు రెండూ మార్పించాలి, ఆ తర్వాత తన కళ్ళద్దాల షాపు తెరుచుకోవాలి. ఆదివారం తెల్లవారగానే భార్యను వెనక కూర్చోబెట్టుకుని సముద్రం దాకా ప్రయాణం. ఎవరైనా చేయగల పనే. కాకపోతే కొత్త టైర్లలో రెండు రకాలున్నాయి. ఒకటి మొత్తం నల్లగా ఉండేది, ఇంకొకటి పక్కన గాజులా గుండ్రంగా తెల్ల పట్టీ ఉండేది. ఆయన కథ అక్కడ ఆగింది.

దూరప్రయాణాలకని మోజుపడి కొన్న పెద్ద బండి అది. పాపం, ఇంటికీ షాపుకూ మధ్య తిరిగి తిరిగే దాని టైర్లు అరిగిపోయాయి. మొదటిసారి ప్రయాణం అనుకున్నప్పుడు హెల్మెట్ ఎరుపా నీలమా అన్నది తేలేలోపు వానలు మొదలయ్యాయి. మరోసారి సీటు కవరు దగ్గర ఆగిపోయింది. ఇంకోసారి పక్కన తగిలించే సంచులు తోలువా గుడ్డవా అన్నచోట. ఆయన పిసినారి కాదు, బద్ధకస్తుడు అంతకన్నా కాదు. పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి చేసే మొదటి పెద్ద ప్రయాణం కదా, ఎక్కడా వంక ఉండకూడదని ఆయన తాపత్రయం. ఆ తాపత్రయంలో ప్రయాణమే లేకుండా పోతోందన్న సంగతి మాత్రం ఆయనకు తట్టలేదు.

ఆవిడకు తట్టింది. టీ కప్పు ఆయన ముందు పెడుతూ చెప్పేసింది.

"చూడండి, అక్కావాళ్ళ కార్లో ఒక సీటు ఖాళీగా ఉంది. వాళ్ళూ రేపే సముద్రానికి బయల్దేరుతున్నారు. రేపు పొద్దున మీ బండి కొత్త టైర్లతో గుమ్మం ముందు లేకపోతే నేను ఆ సీట్లో ఉంటాను."

"అదేం మాట! ఇవాళ తేల్చేస్తాగా."

"మీరు తేల్చడం చాలాసార్లు చూశాలెండి. తెలుపైతే తెలుపు, నలుపైతే నలుపు, ఏదో ఒకటి వేయించుకు రండి."

"నీకేది ఇష్టం?"

"నాకు సముద్రం ఇష్టం."

ఆవిడ నవ్వలేదు.

కళ్ళద్దాలాయన వ్యాపారమంతా ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది. వచ్చినవాళ్ళ చేత ఒక కన్ను మూయించి, రెండో కంటి ముందు అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా, ఇందాకటిదా?" అని అడుగుతాడు. జనం టక్కున చెప్పేస్తారు. ఆ ఉపాయమే బండికి ఎందుకు పనికిరాదనిపించింది ఆయనకు. ఎప్పుడో నడక మొదలుపెడదామని కొన్న కాన్వాసు బూట్లకు తెచ్చిన తెల్ల పాలిష్ సీసా వెతికి తీశాడు. పెరట్లో గొంతుకూర్చుని, రెండు టైర్లకూ ఎడమవైపు మాత్రమే శ్రద్ధగా తెల్ల పట్టీ దిద్దాడు. లేచి ఎడమవైపు నుంచి చూశాడు. అద్భుతంగా ఉంది. కుడివైపుకు వెళ్ళి చూశాడు. అదీ అద్భుతంగానే ఉంది. అలా బండి చుట్టూ ప్రదక్షిణలు చేస్తూ ఉండగానే షాపు తెరిచే వేళ దాటిపోయింది. మధ్యాహ్నం టైర్ల షాపుకు వెళ్ళొచ్చులే అనుకుని బండెక్కాడు.

షాపు ముందు చోటు తక్కువ. రోజూలాగే బండి ముక్కు గోడకు ఆనించి నిలిపాడు. దాంతో మార్కెట్టు వైపు నుంచి వచ్చేవాళ్ళకు తెల్ల టైర్లు, బడి వైపు నుంచి వచ్చేవాళ్ళకు నల్ల టైర్లు కనిపిస్తున్నాయి. ఇందులో ప్రమాదం ఉందని ఆయనకే కాదు, ఎవరికీ తోచదు.

ముందుగా వచ్చిపడింది హెడ్మాస్టారు. రిటైరై చాలాకాలమైనా గొంతు మాత్రం ఇంకా బళ్ళోనే ఉంది. ముందురోజే ఇక్కడ కొత్త కళ్ళద్దాలు తీసుకున్నాడు.

"ఏమయ్యా, ఏం అద్దాలిచ్చావు నాకు? పేపరు కొనడానికి వెళ్తుంటే నీ బండి టైర్లు తెల్లగా ఉన్నాయి. కొనుక్కుని తిరిగొస్తుంటే నల్లగా ఉన్నాయి!"

అసలు సంగతి చెప్పేస్తే అక్కడితో పోయేది. కానీ తల నెరుస్తున్న మనిషి, టైర్లకు బూట్ల పాలిష్ పూసుకున్నానని పిల్లలకు క్రమశిక్షణ నేర్పిన పెద్దాయనతో ఎలా చెబుతాడు?

"పొరపాటు మాదే అయ్యుంటుందండి. ఇలా ఇవ్వండి, చూస్తాను."

తెర వెనక్కి వెళ్ళి అవే అద్దాలు గుడ్డతో తుడిచి, ఒక మర బిగించి తెచ్చిచ్చాడు. పెద్దాయన పెట్టుకుని బయటికెళ్ళాడు. మార్కెట్టు వైపు నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూశాడు.

"ఆఁ, ఇప్పుడు తెల్లగానే ఉన్నాయి! శభాష్!" అని అరిచి, సంతోషంగా వెళ్ళిపోయాడు.

ఆ సంతోషమే కొంప ముంచింది. హెడ్మాస్టారు దారి పొడవునా కనిపించినవాళ్ళందరికీ ఈ షాపువాడి నిజాయితీని పొగిడాడు. "సరుకులో తేడా ఉందని ఒప్పుకుని, నిమిషంలో సరిచేశాడయ్యా! మీరూ ఒకసారి చూపించుకోండి. పరీక్ష తేలికే, ఆ బండి టైర్లు తెల్లగా కనిపించాలి" అని.

ఇక చూడాలి. ఎదురు షాపు టైలరు టేపు మెడలోనే వేసుకుని పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, నాకు నల్లగానే ఉన్నాయి! పొద్దస్తమానం సూదిలో దారం ఎక్కించుకునేవాణ్ణి, నా కళ్ళు ఏం చేశావన్నా?"

ఆ వెనకే బ్యాంకు మేడమ్ వచ్చింది. "ఆయనకేదో అయ్యిందండీ, నాకు శుభ్రంగా తెల్లగా కనిపిస్తున్నాయి."

"తెలుపా? మేడమ్, బ్యాంకులో కూర్చుని మీరు సంతకాలు ఎలా పోలుస్తున్నారు?"

"నువ్వు కుట్టిన జాకెట్టు చేతులు ఎందుకు హెచ్చుతగ్గులుగా వచ్చాయో నాకిప్పుడు అర్థమైంది!"

బడి వైపు నుంచి వచ్చినవాళ్ళు టైలరు పక్కన చేరారు, మార్కెట్టు వైపు నుంచి వచ్చినవాళ్ళు మేడమ్ పక్కన. షాపు కిక్కిరిసిపోయింది. కళ్ళద్దాలాయన ఒక్కొక్కరినీ తెర వెనకాల కూర్చోబెట్టి "ఇది బాగుందా, ఇందాకటిదా?" అని అడుగుతున్నాడు. జన్మలో మొదటిసారి ఎవరూ టక్కున చెప్పడం లేదు. "నువ్వే చెప్పు, ఏది నిజం?" అని ఎదురడుగుతున్నారు.

ఆ గొడవలో ఫోను మోగింది. టైర్ల షాపతను.

"సార్, శనివారం కదా, కాసేపట్లో షట్టర్ దించేస్తాను. ఏవి తీసి పెట్టమంటారు?"

"తెల్లవి!" అన్నాడు కళ్ళద్దాలాయన గట్టిగా.

మేడమ్ వర్గం చప్పట్లు కొట్టింది. టైలరు వర్గం ఒక్కసారిగా మీద పడింది. "అంటే మావి చెడిపోయిన కళ్ళా?"

"కాదు కాదు, నల్లవి!"

ఈసారి మేడమ్ వర్గం లేచింది. ఫోనులో టైర్ల షాపతను నిట్టూర్చాడు. "మీరు తేల్చుకుని ఫోను చెయ్యండి సార్" అని పెట్టేశాడు.

ఆ తర్వాత ఎన్ని కళ్ళు పరీక్షించాడో ఆయనకే తెలియదు. తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి గోడ గడియారం వంక చూస్తే టైర్ల షాపు మూసేసే వేళ ఎప్పుడో దాటిపోయింది. రేపు పొద్దున అక్కావాళ్ళ కారు వచ్చి గుమ్మం ముందు ఆగుతుంది. ఆవిడ చిన్న పెట్టె పట్టుకుని ఎక్కేస్తుంది. వెళ్ళొస్తానని చెయ్యి ఊపుతుందో లేదో కూడా అనుమానమే. ఏడుపు తన్నుకొచ్చింది ఆయనకు. ఇక దాచుకోవడానికి పరువు మాత్రం ఏం మిగిలింది?

"అందరూ వినండి! మీ కళ్ళూ బాగానే ఉన్నాయి, నా అద్దాలూ బాగానే ఉన్నాయి. బండికి ఒకవైపే తెల్ల పాలిష్ పూశాను. రండి, రెండువైపులా మీరే చూద్దురుగాని!"

బిలబిలమంటూ అందరూ బయటికొచ్చారు.

గోడ దగ్గర బండి లేదు.

ఏం జరిగిందో చూద్దామని మళ్ళీ వచ్చిన హెడ్మాస్టారే ముందుగా తేరుకున్నాడు.

"ఏమయ్యా, అసలు ఇక్కడ బండే లేదు. అంటే పొద్దుటి నుంచి మనమంతా లేని బండిని చూస్తున్నామా? ఎంత ఘోరమైన అద్దాలయ్యా నీవి!"

కళ్ళద్దాలాయన మెట్టు మీద కూలబడ్డాడు. తెలుపూ పోయింది, నలుపూ పోయింది, బండీ పోయింది. ఏ రంగు టైరైతేనేం, అసలు టైరంటూ ఉంటే చాలు, వెనక ఆవిడ కూర్చుని ఉంటే చాలు అనిపించింది. ఆ చిన్న మాట పొద్దున టీ తాగుతూ అని ఉంటే ఎంత బాగుండేదో అనుకుని కుమిలిపోయాడు.

అంతలో వీధి మలుపులో గుడగుడమని చప్పుడైంది. అందరూ తలలు తిప్పారు. పెద్ద బండి నెమ్మదిగా, నిబ్బరంగా వచ్చి షాపు ముందు ఆగింది. నడుపుతున్న మనిషి కాలు ఆనించి, హెల్మెట్ తీసింది. ఆయన భార్య.

"నువ్వా! బండి... నువ్వు నడిపావా?"

"ఫోను చేస్తే ఎత్తరు. వచ్చి చూస్తే లోపల సంత. ఇంట్లో ఉన్న రెండో తాళంచెవి ఎందుకైనా మంచిదని తెచ్చాను కాబట్టి సరిపోయింది. టైర్ల షాపతను షట్టర్ సగం దించేశాడు, బతిమాలి ఎత్తించాను."

"అది సరే, ఇంత బండి నడపడం ఎప్పుడు నేర్చుకున్నావు?"

"మీరు సీటు కవరు రంగు ఎంచుకుంటున్నప్పుడు."

జనం గొల్లుమన్నారు. కళ్ళద్దాలాయన మాత్రం కిందికి వంగి టైర్లు చూస్తున్నాడు. రెండువైపులా నల్లగా నిగనిగలాడుతున్నాయి.

"తెల్లవి కూడా బాగుండేవేమో..." అన్నాడు ఉండబట్టలేక.

"తెల్లవైతే రోజూ తుడవాల్సింది ఎవరు? ఇదిగోండి, పాత టైరుకు మీరు పూసిన పాలిష్ తగిలి నా చీర అంచెలా అయిందో చూడండి."

ఆ తెల్ల మరక అందరూ చూశారు. టైలరూ బ్యాంకు మేడమూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా చెరో దారీ పట్టారు. హెడ్మాస్టారు మాత్రం ఒప్పుకోలేదు. "ఎవరేమన్నా సరే, నువ్వు బాగుచేశాకే నాకు చూపు మెరుగైంది" అని భుజం తట్టి మరీ వెళ్ళాడు.

ఆదివారం తెల్లవారేసరికి బండి గుమ్మం ముందు ఉంది. సంచులు కట్టేశారు. కళ్ళద్దాలాయన ఉత్సాహంగా ముందు సీటు మీద చెయ్యి వేశాడు. ఆవిడ ఆ చేతిని మెల్లగా తీసి పక్కన పెట్టింది.

"మీరు వెనక కూర్చోండి. మీరు నడిపితే మొదటి కూడలి దగ్గరే సాయంత్రం అయిపోతుంది."

నిజం చెప్పాలంటే ఆయనకు కాదనాలని లేదు. ఆవిడ తనను వదిలి కారెక్కలేదు, అంతే చాలు. బుద్ధిగా వెనక ఎక్కాడు. పట్టుకోవడానికి సీటు అంచు మేలా, ఆవిడ భుజం మేలా అన్నది మాత్రం ఊరు దాటేదాకా తేలలేదు.