ఖాళీ మేకు పర్వం

దక్షిణ సముద్రపు గాలి నీలగిరి ఆకుల ఘాటును మోసుకొచ్చే వసంతారంభాన, అంటే ఆ దక్షిణార్ధగోళపు లెక్కన సెప్టెంబరు మాసపు ఒకానొక శనివారం, సూర్యభగవానుడు మాంసం కొట్టువారి ప్రకటన బోర్డు మీద తళతళలాడుతున్న అపరాహ్ణ వేళ, క్వీన్స్‌లాండ్ మండలాంతర్గతమైన బన్యా ఫ్లాట్ పురంలో, రోవర్స్ ఫుట్‌బాల్ క్లబ్బువారి హరిత రణాంగణంలో, పద్నాలుగు క్లబ్బుల ఉప్పు తిన్నవాడూ, అంతకు రెట్టింపు కోచ్‌ల తిట్లు తిన్నవాడూ, అంచులవెంట బంతితో దూసుకొచ్చే నానాదేశ వింగర్ల పాలిట ఇటుక గోడ అని పేరు పడినవాడూ, బ్రెజిల్ దేశ సంజాతుడూ, ఎడమవైపు కాపలా కాసే లెఫ్ట్ బ్యాక్ కులతిలకుడూ అయిన ఎరివెల్తోన్ బోర్లా పడి ఉన్నాడు.

రెండు చేతులతో తల పట్టుకొని ఉన్నాడు.

అతని పక్కనుంచి బంతి తీరిగ్గా దొర్లుకుంటూ వెళ్లి గోలులో పడింది.

ఆ మహావీరుణ్ణి పడగొట్టింది ప్రత్యర్థి కాదు. మూల జెండా వెనకనున్న నీలగిరి చెట్టు మీదినుంచి పిడుగులా దిగి, నిగనిగలాడే ఆ గుండును ముక్కుతో టకీమని కొట్టి, తిరిగి కొమ్మమీద వాలి వేణుగానం మొదలుపెట్టిన ఒక పక్షి.

అంతట కోచ్ నెవిల్, ప్రళయకాల మేఘంలా గర్జించాడు.

“ఏరా, పడుకున్నావా? దిండు తెమ్మంటావా, దుప్పటి కూడా తెమ్మంటావా?”

“మాస్టారూ, పిట్ట...” అన్నాడు ఎరివెల్తోన్. వాళ్ల దేశంలో కోచ్‌ని మాస్టారనే పిలుస్తారు.

“పిట్టేంటి పిట్ట! వాడి పేరు ట్రెవర్. నీకంటే సీనియర్ ఈ క్లబ్బులో. వాడి పని వాడు చక్కగా చేసుకుంటున్నాడు. నీ పని ఎవడు చేస్తాడు? వచ్చే శనివారం ఆఖరి మ్యాచ్. ఇంకొక్కసారి ఇలా నేలకి ముద్దు పెట్టావంటే అప్పటికప్పుడు బయటికి లాగేస్తాను. ఫొటో గీటో అన్నీ మర్చిపో.”

ఫొటో! ఆ ఒక్క మాట వజ్రాయుధమై ఎరివెల్తోన్ గుండెలో దిగబడింది.

దానికి కారణం తెలియాలంటే ఈ కథ ఒక్క ఉదుటున మహాసముద్రం దాటాలి. బ్రెజిల్‌లో, పెర్నంబూకు మెట్టప్రాంతంలో, ఎరివెల్తోన్ పుట్టిన ఊళ్లో అమాన్సియు అనే మంగలి ఉన్నాడు. ఆయన కొట్టు గోడ ఆ ఊరి కీర్తిస్తంభం. ఊరినుంచి వెళ్లి ఎక్కడ బంతాట ఆడినవాడైనా సరే, జట్టు మొత్తంతో దిగిన ఫొటో పంపితే ఆ గోడమీద ఒక మేకు దక్కుతుంది. ఎరివెల్తోన్ మొదటిసారి విమానం ఎక్కిన నాడే అమాన్సియు అతని పేర మేకు కొట్టాడు. అది ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

వీరుడి దోషం కాదది, విధి చేసిన పరిహాసం. మాల్టాలో ఫొటో తీసే ముందురోజు, క్లబ్బు యజమాని అల్లుడు కూడా లెఫ్ట్ బ్యాకేనని తేలింది. ఫిన్లాండ్‌లో మోకాలు, కజకస్తాన్‌లో పళ్లు కదిలాయి. ఫారో దీవుల్లో అందరూ వరసగా నిలబడ్డాక గాలి ఫొటోగ్రాఫర్‌ని కెమెరాతో సహా కాలవలోకి తోసింది. సైప్రస్‌లో అయితే సరిగ్గా కెమెరా క్లిక్కుమన్న క్షణంలో మన వీరుడు వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. ఆ ఫొటోలో గోలీకీ కెప్టెన్‌కీ మధ్య కాస్త ఆకాశం ఉంది. అంతే.

ఈ మధ్యనే అమాన్సియు ఫోన్‌లో మొహమాటం లేకుండా చెప్పేశాడు. “ఒరే ఇటుకా, నువ్వు విదేశాల్లో బంతాట ఆడట్లేదనీ, హోటల్లో గిన్నెలు తోముతున్నావనీ ఇక్కడ చెప్పుకుంటున్నార్రా.”

“నేను ఒక్కణ్ణే దిగిన ఫొటో పంపానుగా బాబాయ్, జెర్సీతో!”

“జెర్సీ సంతలో దొరుకుతుంది. స్టూడియోలో ఎవడైనా దిగుతాడు. జట్టు మధ్యలో నిలబడితేనే మేకు. నా గోడకో మర్యాద ఉంది. మొన్న ఒకడు ఆ మేకుకి గొడుగు తగిలించాడు. నాకెంత తలవంపులో ఆలోచించు.”

గొడుగు! ముప్పై ఆరేళ్ల ఎరివెల్తోన్ ఆ రోజు అన్నం ముట్టలేదు. వచ్చే ఏడు ఆడే మోకాళ్లు తనకు లేవని తనకే తెలుసు. ఇదే ఆఖరి సంవత్సరం. ఇదే ఆఖరి ఫొటో.

ఇక బన్యా ఫ్లాట్‌లో ఫొటో దిగడమంటే సామాన్యం కాదు. ఆఖరి మ్యాచ్ ముగింపు ఈల మోగే సమయానికి మైదానంలో ఏ పదకొండు మంది నిలబడి ఉంటారో, వాళ్లకే ఆ యోగం. మధ్యలో బయటికొచ్చినవాడు ఎంతటివాడైనా పక్కనుంచి చూడవలసిందే. తాతల నాటి కట్టుబాటు. కోచ్ కూడా మార్చలేడు. నిలబడే చోటు కూడా తాతలే నిర్ణయించారు. సరిగ్గా ట్రెవర్ చెట్టు కింద.

ఎవరీ ట్రెవర్? నలుపు తెలుపుల కవచధారి, రక్తవర్ణ నేత్రుడు, ఖడ్గసన్నిభ నాసికుడు, ఏకపత్నీవ్రతుడు, మాగ్‌పై వంశ ప్రదీపకుడు. పది నెలలపాటు మైదానంలో సాధువులా పురుగులేరుకుంటాడు. గూట్లో పిల్లలు కళ్లు తెరవగానే రుద్రుడవుతాడు. చట్టప్రకారం అవధ్యుడు, ఈక కూడా పీకరాదు. అందుకని ఆ రుతువులో ఊరంతా ఖాళీ ఐస్‌క్రీం డబ్బాలకు వెనకవైపు కళ్లు గీసి నెత్తిన బోర్లించుకుంటారు. అందులో సిగ్గుపడేది ఏమీ లేదు. బ్యాంకు మేనేజరూ అలాగే వెళ్తాడు. కానీ ట్రెవర్ అందరి మీదా పడడు. ఏటా ఒక్కణ్ణి ఎంచుకుంటాడు. నిరుడు పోస్టుమాన్. ఈ ఏడు ఆ బ్రెజిల్ గుండు.

ఇక్కడే మన వీరుడు బ్రెజిల్‌వాడు మాత్రమే చేయగల పొరపాటు ఒకటి చేశాడు. వాళ్ల మైదానాల్లో కూడా ఒక పిట్ట ఉంటుంది, మన తీతువుకు వేలువిడిచిన చుట్టం. అది గడ్డిలోనే గుడ్లు పెట్టి, దగ్గరికొచ్చిన ఆటగాడి మీదికల్లా లేస్తుంది. గూడెక్కడుందో చూసుకుని పక్కనుంచి పోతే మళ్లీ మన జోలికి రాదు. చిన్నప్పటినుంచీ ఎరివెల్తోన్ నేర్చుకున్న యుద్ధనీతి అదే. కనుక నెల రోజులుగా తల వంచుకొని, మెడ సాచి, గడ్డిలో గూడు కోసం వెతుకుతూ ఆడాడు. పైనుంచి చూసేవాడికి ఇంతకన్నా చక్కని గురి ఉంటుందా?

బుధవారం సాధన ముగిశాక, క్యాంటీన్ అధినేత్రి మర్లీన్ సాసేజీల పెనం కడిగి వస్తూ, మైదానం అంచున ఒక గడ్డిదుబ్బు చుట్టూ పుల్లలు పాతుతున్న వీరుణ్ణి చూసింది.

“ఆ గడ్డికి కంచె ఏంటి నాయనా?”

“గూడుందేమో ఆంటీ. ఎవరూ తొక్కకుండా.”

మర్లీన్ పెనం కింద పెట్టింది. నడుం మీద చేతులు పెట్టుకుంది. “ఓరి నీ అమాయకత్వం మండిపోనూ! గూడు ఆ చెట్టు చిటారున ఉంది. నెలనుంచీ నువ్వు గడ్డికి కాపలా కాస్తున్నావా?”

ఎరివెల్తోన్ తల పైకెత్తాడు. కొమ్మమీద ట్రెవర్ తల వంచాడు. తొలిసారి ఇద్దరి చూపులూ కలిశాయి. రెండు ఖండాలు ఒకదాన్నొకటి తేరిపార చూసుకున్నట్లయింది. పక్షి కదల్లేదు.

“చూశావా? ఎదురుగా చూస్తే రాడు వాడు” అంది మర్లీన్. “వీపు తిప్పితేనే వస్తాడు. పిరికి వెధవ.”

“వింగర్లు కూడా అంతే ఆంటీ” అన్నాడు ఎరివెల్తోన్ నెమ్మదిగా. “ఇరవై ఏళ్లనుంచీ నేను చేసే పని అదొక్కటే. వాళ్లకి వీపు చూపించకుండా వెనక్కి వెనక్కి నడవడం.”

“మరింకేం! అయినా అనుమానానికి మందు వేద్దాం. శనివారం పొద్దున్నే రా. డబ్బా పెట్టుకుని ఆడనివ్వరు కదా, నీ గుండు మీదే కళ్లు గీస్తాను.”

శనివారం వచ్చింది. మర్లీన్ నల్ల మార్కరుతో, కనుబొమలూ రెప్పవెంట్రుకలూ సహా, విశాల నేత్రద్వయాన్ని వీరుడి తల వెనక ప్రతిష్ఠించింది. సరిగ్గా మెడపైన కొడవలిలా వంగిన పాత గాటు ఒకటి అడ్డొచ్చింది. “ఇదేంటి?” అంది. “చిన్నప్పుడు మా మంగలి బాబాయ్ కత్తి జారింది. రేడియోలో గోల్ అని అరిచారు, ఆయనా ఎగిరాడు” అన్నాడు. ఆ గాటును కింద చిరునవ్వుగా వదిలేసింది మర్లీన్.

యుద్ధం మొదలైంది. రోవర్స్ సేన గురించి ఎక్కువ చెప్పకపోవడమే మర్యాద. చివరి అయిదు నిమిషాలు మిగిలేసరికి నాలుగు సున్నాతో వెనకబడి ఉంది. పోయిన గోల్స్ అన్నీ కుడివైపునుంచే పోయాయి. ఎడమవైపు మాత్రం ఎరివెల్తోన్ నిలబడే ఉన్నాడు. విరామం తర్వాత జట్లు వైపులు మారడంతో అతని స్థానం ట్రెవర్ చెట్టు నీడలోకి మారింది. గీసిన కళ్లను ట్రెవర్ రెండే రెండు నిమిషాలు నమ్మాడు. తర్వాత ఒకసారి దిగాడు, చెవి పక్కనుంచి రివ్వున పోయాడు. ఎరివెల్తోన్ తూలాడు కానీ నేలను తాకలేదు. గీత అవతల కోచ్ నెవిల్, మార్పు కోసం కూర్చోబెట్టిన ఆటగాణ్ణి లేపి ఒళ్లు వేడెక్కించుకొమ్మన్నాడు.

అప్పుడు వచ్చింది విషమ ఘడియ. ప్రత్యర్థి వింగర్ లాక్లన్, ఇరవై ఏళ్ల కుర్రాడు, గాలిని చీల్చుకుంటూ బంతితో ఎడమ మూలకు దూసుకొచ్చాడు. అదే క్షణంలో చెట్టు చిటారున రెక్కలు విచ్చుకున్నాయి. ముందునుంచి బంతి, వెనకనుంచి పక్షి! వింగర్‌ని చూస్తే గుండు పోతుంది. పిట్టను చూస్తే పరువు పోతుంది. కింద పడితే మేకు పోతుంది.

ఎరివెల్తోన్ గిర్రున వెనక్కి తిరిగాడు. వింగర్‌కి వీపు పెట్టి, ఆకాశానికి ముఖం పెట్టి నిలబడ్డాడు.

“తాతా, ఎటు చూస్తున్నావ్? బస్సొస్తోందా?” అని నవ్వాడు లాక్లన్.

ఎరివెల్తోన్ చేతులు బార్లా చాచి, దిగివస్తున్న నలుపు తెలుపుల ఉల్కకేసి కళ్లార్పకుండా చూస్తూ, మైదానం దద్దరిల్లేలా అరిచాడు.

“ఒరే ట్రెవరూ! నీకు గూడుంది, పెళ్లాముంది, పిల్లలున్నారు. నీ చెట్టు నీదే, కాదన్లేదు. నాకు కావలసింది ఒక్క మేకురా! దానికోసం ప్రపంచమంతా తిరిగి నీ చెట్టు కిందికొచ్చాను. కావాలంటే ఈ గుండు చిల్లు పొడుచుకో. ఈల పడేదాకా మాత్రం ఇక్కణ్ణుంచి కదిలేది లేదు!”

పక్షిరాజు జానెడు దూరంలో రెక్కలు అడ్డం పెట్టి ఆగాడు. బహుశా ఆయన జీవితంలో ఇంత పొడుగు ప్రసంగం ఎవరూ చేసి ఉండరు. పక్కకు వాలి, మాంసం కొట్టువారి బోర్డు మీద కూర్చున్నాడు.

ఈలోగా ఎరివెల్తోన్ చెవులు మాత్రం వెనకే ఉన్నాయి. ఇరవై ఏళ్లుగా విన్న అడుగుల చప్పుడు అది. కుర్రాడి కుడికాలు గడ్డిని గట్టిగా తొక్కింది, అంటే బంతి ఎడమకు పోతుంది. వీరుడు చూడకుండానే వెనక్కి ఒక్కడుగు వేసి మడమ అడ్డం పెట్టాడు. బంతి మడమకు తగిలింది, ఎగిరి లాక్లన్ ముక్కుకు తగిలింది, అక్కణ్ణుంచి గీత దాటి మర్లీన్ ఉల్లిపాయల పళ్లెంలో పడింది.

ఐస్‌క్రీం డబ్బా కిరీటధారి అయిన లైన్స్‌మన్ జెండా ఎత్తి చూపించాడు.

చివరగా తగిలింది లాక్లన్ ముక్కుకు గనక, త్రో రోవర్స్‌దే!

చేతులతో బంతిని లోపలికి విసిరే ఆ అల్పాధికారం కోసం బన్యా ఫ్లాట్ ప్రజలు లేచి నిలబడి కేకలు పెట్టారు. ఎరివెల్తోన్ పళ్లెంలోంచి బంతి తీసి, ఉల్లిముక్కలు దులిపి, తలపైకెత్తాడు. ఆ క్షణాన ముగింపు ఈల మోగింది.

“నాలుగు గోల్స్ తిని ఈ సంబరం ఏంట్రా?” అంటూ వచ్చాడు కోచ్. గొంతులో మాత్రం పాత ఉరుము లేదు. “పద పద, ఫొటోకి నిలబడు. నువ్వు చివర.”

పదకొండు మంది చెట్టు కింద బారులు తీరారు. అందరూ కెమెరాకేసి తిరిగారు. కెమెరాకేసి తిరగడమంటే, అప్పటికే చెట్టెక్కిన ట్రెవర్‌కి వీపు తిప్పడం. పైన కొమ్మ కదిలింది. ఫొటోగ్రాఫర్ ఒకటీ రెండూ అన్నాడు. మూడు అనేలోగా, ఇరవై ఏళ్ల అలవాటు వీరుణ్ణి బొంగరంలా వెనక్కి తిప్పేసింది.

క్లిక్.

“ఇంకొకటి తీయండి సార్!” అని ఏడుపు గొంతుతో అరిచాడు ఎరివెల్తోన్.

“ఏటా ఒక్కటే. కట్టుబాటు” అన్నాడు ఫొటోగ్రాఫర్, నెత్తిన డబ్బా సర్దుకుంటూ పారిపోతూ.

పది ముఖాలు, ఒక గుండు. ఆ గుండు మీద రెండు విశాల నేత్రాలు, దాని కింద కొడవలి చిరునవ్వు. పంపాలా వద్దా అని సాయంత్రమంతా తర్జనభర్జన పడి, చివరికి కళ్లు మూసుకుని ఫోన్‌లో పంపాడు. ఆదివారం ఉదయం అతను క్యాంటీన్‌లో మర్లీన్‌తో బల్లలు సర్దుతుండగా ఫోన్ మోగింది. అక్కడ శనివారం సాయంత్రం, మంగలి కొట్టు కిటకిటలాడుతోంది.

“వీడెవడో అటు తిరిగాడే! ఇటుకే అని నమ్మకమేంటి?” అని ఎవరో నవ్వుతున్నారు వెనకాల.

“నోర్ముయ్యండి!” అంది అమాన్సియు గొంతు. “మొహాలు చూసి పోల్చుకోవడం మీ పని. నాకు తెలిసింది మెడలు. ఈ గాటు చూడండి, ఈ కొడవలి. దీన్ని పెట్టింది నా కత్తి! ఆ రోజు గోల్ కొట్టింది ఎవరో కూడా చెప్పగలను. ప్రపంచంలో ఇలాంటి తల ఇంకోటి లేదు... ఒరే అబ్బాయ్, ఆ కళ్లు ఎవరు గీశార్రా?”

“ఇక్కడ ఒక ఆంటీ, బాబాయ్.”

“నీ సొంత కళ్లకంటే బావున్నాయి. ఉండు, గొడుగు తీస్తున్నాను.”

ఫోన్‌లో గొడుగు కింద పడిన చప్పుడు వినబడింది. ఆ తర్వాత ఫ్రేము గోడకు ఆనిన చిన్న శబ్దం. మర్లీన్ అటు తిరిగి బల్ల తుడవసాగింది, తుడిచిన బల్లనే మళ్లీ.

సముద్రాలు దాటి, చలులకూ గాలులకూ అల్లుళ్లకూ ఓర్చి, పద్నాలుగు క్లబ్బుల్లో ఒక్క గోలైనా కొట్టని ఆ ధీరోదాత్తుడు ఈ విధంగా ఒక మేకును జయించాడు. పెర్నంబూకులో ఇప్పుడు ఎవరు గొడుగు తెచ్చినా చేత్తో పట్టుకునే కూర్చుంటారు. ట్రెవర్ మళ్లీ పోస్టుమాన్ దగ్గరికి వెళ్లిపోయాడు. బన్యా ఫ్లాట్ మైదానంలో, ఎడమ మూల జెండా దగ్గర, ఎవరూ విసరని ఆ త్రో మాత్రం ఈనాటికీ రోవర్స్‌దే.