కొలతలు తీసేయాలా?

"ఈ కేసు నా చేతికొచ్చింది. ఇక నేరస్తుడికి కంటిమీద కునుకుండదు," అని భూతద్దం బావ టైలరు షాపు గుమ్మంలో నిలబడి ప్రకటించాడు. వీధిలో ఎవరూ ఆగలేదు.

బావ వృత్తి వాచీల రిపేరు. కంటికి బిగించుకునే భూతద్దం ఉంది కాబట్టి తాను అపరాధ పరిశోధకుణ్ణని ఆయన నమ్మకం. జనం ఆయనకిచ్చిన వాచీలు ఇంకా పరిశోధనలోనే ఉన్నాయి. నిజానికి టైలరు మాస్టారు పిలిచింది బావను కాదు, ఆయన మరదల్ని. బావ పిలవకుండానే వెంట వచ్చాడు.

కస్టమర్ల పేర్లు, కొలతలు దాచుకోవడానికి మాస్టారి కంప్యూటరులో ప్రోగ్రాం రాసిపెట్టింది మరదలే. బయటివాళ్ల కోసం ఆమె రాసిన మొదటి ప్రోగ్రాం అది. మాస్టారు బాగుందంటే తామూ పెట్టించుకుంటామని మందుల షాపాయన, లాండ్రీ ఆవిడ కాచుకుని ఉన్నారు. ఇంతలో అందులోంచి మనుషులు మాయమవడం మొదలైంది.

"నిన్న లాయరుగారి కొలతలు పోయాయమ్మా," అన్నాడు మాస్టారు. "రెండోసారి టేపు పెడితే దావా వేస్తానన్నాడు. ఇవాళ ఇంకొకరు పోయారంటే దీన్ని పీకించేస్తాను. వీధిలోవాళ్లు అడిగితే ఉన్నమాటే చెప్తాను."

మరదలు కంగారుగా అడ్డుపడింది. "అడగకుండా అది ఎవర్నీ చెరపదు మాస్టారూ. చెరిపేముందు ఒక చిన్న పెట్టె వచ్చేలా రాశాను. ఒక ప్రశ్న, కింద అవును, కాదు అని రెండు బటన్లు. మీకెప్పుడైనా అది..."

"ఆగు," అన్నాడు బావ. "సాక్షిని ప్రశ్నించడం నా పని."

ప్రశ్నించలేదు. గుడ్డ మీద గీతలు గీసే సుద్దను పొడి చేసి కీబోర్డు మీద చల్లి, వేలిముద్రల కోసం వంగి, గట్టిగా తుమ్మాడు. పొడంతా ఎగిరి, పక్కన కుట్టి వేలాడదీసిన లాయరుగారి నల్లకోటు మీద పడింది.

"ముద్రలన్నీ మాస్టారివే," అన్నాడు గంభీరంగా.

"కంప్యూటరు ఆయనదే కదా బావా."

"అందుకే ఆయన్నెవరూ అనుమానించలేదు. సరే మాస్టారూ, మాయమైనవాళ్లు ఎలాంటివాళ్లు?"

"పాత కస్టమర్లేనండీ. కాస్త ఒళ్లు చేసి, మళ్లీ కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు."

"అనుకున్నాను. లావైనవాళ్లను లేపేస్తున్న ముఠా ఇది."

"ఆ లెక్కన మీరూ జాగ్రత్తగా ఉండాలి బావా," అంది మరదలు.

బావ ఆ మాట వినిపించుకోకుండా పాదముద్రల కోసం కుట్టుమిషను కిందికి దూరాడు. చర్రుమని శబ్దమైంది. చిరిగింది మిషను మీది గుడ్డ కాదు. బావ మెల్లగా లేచి, గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"పరిశోధన కాసేపు వాయిదా," అన్నాడు నీరసంగా. "మాస్టారూ, ముందు నా కొలతలు తీసేయండి."

"మొన్న చొక్కా కుట్టినప్పుడు మీ పేరు ఎక్కించాను లెండి," అంటూ మాస్టారు బావ పేరు తెరిచి 'తీసెయ్' అన్న బటన్ నొక్కాడు. 'కొలతలు తీసేయాలా?' అని పెట్టె వచ్చింది.

"అదేగా ఆయన మొత్తుకుంటున్నది," అని మాస్టారు 'అవును' నొక్కి, మెడలోని టేపు తీసి ఇటు తిరిగాడు. ఆయన వెనక బావ పేరు చడీచప్పుడు లేకుండా మాయమైంది.

మరదలు చూసింది. "మాస్టారూ, ఇప్పుడేం నొక్కారు?"

"కొలతలు తీసేయాలా అని అడిగింది, అవునన్నాను. తీయకుండా ప్యాంటు ఎలా కుడతానమ్మా?"

ఆమెకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. తీసేయడమంటే ఆమెకు చెరపడం. బుద్ధెరిగినప్పటినుంచి టేపు పట్టిన మనిషికి కొలవడం. ఆ ప్రశ్న ఇంట్లో తానే రాసి, తానే చదివి, తానే అవునని నొక్కి మురిసిపోయింది. మాస్టారిని అడగమని కంప్యూటరుకు నేర్పింది గానీ, తాను మాత్రం ఆయన్ని ఒక్క మాటా అడగలేదు.

"తప్పు నాదే మాస్టారూ. మాట మారుస్తాను."

"నేరం చేసింది ఒక మాటేనని నాకు మొదటే తెలుసు," అన్నాడు బావ, లాయరుగారి కోటును నడుముకు చుట్టుకుంటూ. "దాన్ని బయటికి లాగడానికే ప్యాంటు త్యాగం చేశాను."

మరదలు అక్కడే కూర్చుని ప్రశ్న మార్చింది. బావ పేరు మళ్లీ ఎక్కించి, మాస్టారిని కుర్చీలో కూర్చోబెట్టింది. "ఇది చదివి మీకేం అర్థమైందో చెప్పండి. అప్పటిదాకా ఏదీ నొక్కకండి."

'ఈ మనిషి వివరాలు మళ్లీ దొరక్కుండా చెరిపేయాలా?' అని ఉంది. కింద బటన్లు 'చెరిపెయ్', 'ఉండనీ'.

మాస్టారు కూడబలుక్కుని చదివాడు. సుద్ద పట్టిన కీబోర్డును, బావ నడుము చుట్టూ ఉన్న లాయరుగారి కోటును కాసేపు చూశాడు.

"బాగా అర్థమైందమ్మా. నీ ప్రోగ్రాం ఉండనీ," అన్నాడు. "ఈయన విషయంలోనే ఏది నొక్కాలో తేలడం లేదు."