పిల్లది కారు, తండ్రిది కంచె

మా పెళ్లయిన ఇరవై మూడో రోజు పొద్దున ఫోన్ మోగింది. నేను పాన్‌కేక్ తిరగేస్తున్నాను. మా ఆయన వెస్లీ ఫోన్ ఎత్తి, "నిజమా! నిజంగానా!" అంటూ నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. పాన్‌కేక్ నేలపాలైంది. ఆయనతో పాటు నాకు దొరికిన ఏడేళ్ల కూతురు ఒపల్‌కు పిల్లల కార్ల రేసు క్లబ్బులో చోటు వచ్చింది!

పాఠకులారా, కార్ల రేసులంటే పడిచచ్చే మా ఇండియానాలో ఒక ఇంటికి ఇంతకు మించిన శుభవార్త ఏముంటుంది? మీ పిల్లలకు పియానో నేర్పిస్తున్నారా? ఈత నేర్పిస్తున్నారా? అయ్యో పాపం! వెంటనే మానిపించి రేసు కారెక్కించండి. ముఖ్యంగా కొత్త దంపతులకు ఇది వరం.

మేము హనీమూన్‌కు సరస్సు దగ్గరికి వెళ్దామనుకున్నాం. అక్కడ ఏం చేస్తాం? ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం. గ్యారేజీలో అయితే ఇద్దరం కలిసి ఒకే ఇంజిన్ మొహం చూస్తున్నాం! మొన్న సాయంత్రం వెస్లీ నా చెయ్యి పట్టుకుని, "నీ వేళ్లు ఎంత సన్నగా ఉన్నాయో మార్లా" అన్నాడు. నేను సిగ్గుపడ్డాను. "ఆ సందులో పడ్డ నట్టు కాస్త తియ్యి" అన్నాడు. నా వేళ్లను ఇంత మనస్ఫూర్తిగా ఇంతవరకూ ఎవరూ మెచ్చుకోలేదు.

ఇక పిల్లలకు కలిగే మేలు చెప్పనలవి కాదు. కారు స్నానాల తొట్టెంత ఉంటుంది. ట్రాక్ కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. కాబట్టి ఎప్పుడూ ఎడమకే తిరగాలి. జీవితంలో సగం నిర్ణయాలు అక్కడే తీరిపోయాయి! పొద్దున ఏడింటికి వచ్చి, ఎండలో కూర్చుని కూర్చుని, మధ్యాహ్నం మూడింటికి ఆరు నిమిషాలు నడుపుతారు. ఇంత ఓర్పు ఏ పాస్టర్ నేర్పగలడు?

తండ్రులకైతే చెప్పలేనంత వ్యాయామం. కంచె వెంబడి కారుతో పాటు పరిగెత్తుతారు. టోపీ తీసి నేలకు కొట్టి, దాని మీద గెంతి, మళ్లీ దులిపి పెట్టుకుంటారు.

పోయిన శనివారం ప్రాక్టీసు రేసులో ఒపల్ మూడో స్థానంలో ఉంది. పక్కనున్న నీలం కారు తగిలి తన కారు గిర్రున తిరిగింది. దెబ్బేం తగల్లేదు. జెండా పట్టుకున్న పెద్దాయన, తపాలా ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, ఒపల్‌నే వరస చివరికి వెళ్లమన్నాడు. వెస్లీ కంచె ఎక్కేశాడు.

"ఓ జెండా పెద్దాయనా! కళ్లెక్కడ పెట్టుకున్నావ్? తప్పు ఆ నీలం కారుది!"

మా క్లబ్బులో ఒక ఆచారముంది. తండ్రి నోరు జారితే కూతురు రేసు నుంచి తప్పుకోవాలి. నల్లజెండా ఊపారు. ఒపల్ కారు దిగి, హెల్మెట్ తీసి, ఎవరివంకా చూడకుండా ట్రక్కులో కూర్చుంది.

క్లబ్బు సెక్రటరీ వెల్డా వచ్చింది. వెస్లీని చిన్నప్పటి నుంచీ ఎరిగినావిడ. "ఈసారికి పోనీలే అంటున్నా. వచ్చే వారం, ఆదివారం నాటి అసలు రేసులో నీ గొంతు వినబడిందా, ఈ సీజనంతా పిల్ల ఇంట్లోనే."

"నేనేమన్నా తిట్టానా వెల్డా? ప్రోత్సహించానంతే!"

"నీ ప్రోత్సాహం పక్క ఊళ్లో ఆవులు కూడా విన్నాయి, నాయనా."

ఇది అన్యాయమంటారా? మహా న్యాయమంటాను నేను! కూతురు బుద్ధిగా ఉందా లేదా అని కనిపెట్టుకుని ఉండే తండ్రులు లోకమంతా ఉన్నారు. తండ్రి బుద్ధిగా ఉంటాడో లేదో అని ఏడేళ్ల పిల్ల గుండెలు చిక్కబట్టుకునే గొప్ప అవకాశం ఇంకే ఆట ఇస్తుంది?

ఈ రోజు శనివారం. పొద్దున వెస్లీ బయట కారు తుడుస్తున్నాడు. ఒపల్ గిన్నెలో చెంచా తిప్పుతూ కూర్చుంది.

"మార్లా, కోపమొస్తే నువ్వు అరుస్తావా?"

"లేదు. పాట పాడతాను. శ్రుతి తప్పి."

"పాటకి నల్లజెండా ఊపుతారా?"

"రూల్స్‌లో ఎక్కడా చూసిన గుర్తులేదు."

ఒపల్ చెంచా కింద పెట్టింది. "అయితే రేపు నువ్వు తొయ్యి."

ఈ కార్ల ఇంజిన్ దానంతట అది స్టార్టు కాదు. రేసు మొదట్లో వెనక నుంచి పెద్దవాళ్లెవరో ఒకరు తోయాలి. పిల్లతో పాటు ట్రాక్ మీదికి వెళ్లేది ఆ ఒక్కరే. దానికోసమే వెస్లీ కొత్త బూట్లు కొన్నాడు. గుమ్మం దగ్గరున్న ఆ బూట్ల వంక చూసి అడిగాను.

"మరి మీ డాడీకి ఎవరు చెప్తారు?"

"నువ్వే చెప్పు. మీకు కొత్తగా పెళ్లైంది కదా, ఇంకా నీ మాట వింటాడు."

అయ్యలారా, అమ్మలారా! ఈ ఆటలో పిల్లలకు హెల్మెట్టుంది, బెల్టులున్నాయి, జెండాల మీద పరీక్ష ఉంది, ఆరు వారాల శిక్షణ ఉంది. తండ్రులను మాత్రం ఏ శిక్షణా లేకుండా, ఏ బెల్టూ కట్టకుండా నేరుగా కంచె దగ్గరికి వదిలేస్తున్నారు. నాకున్న ఫిర్యాదల్లా ఇదొక్కటే.

అందుకని రేపటి ఏర్పాటు ఇలా చేశాం. ఒపల్ నడుపుతుంది, నేను తోస్తాను. క్లబ్బులో ప్రతి ఇంటివాళ్లూ ఏదో ఒక పని చేయాలి కాబట్టి, పంది మాంసం సాండ్‌విచ్‌లు వేయించే పని వెల్డాతో చెప్పి వెస్లీకి ఇప్పించాను. ఆ వంటగదికి ట్రాక్ వైపు కిటికీ లేదు.