పరీక్షలన్నీ ఐదు నిమిషాల్లో

ఆ బుధవారం ఉదయం నిత్య పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నం భోజనానికి ముందే పాత కోడును శుభ్రం చేసేయాలి. తిరుత్తణిలో అత్తగారింటి వెనక గదిలో కూర్చుని ఆమె చెన్నై కంపెనీకి పని చేస్తుంది. బల్ల కింద ఒక నల్ల కంప్యూటరు పెట్టె. అందులోని గ్రాఫిక్స్ కార్డు మీద రాత్రంతా వందల పరీక్షలు నడుస్తాయి. కార్డు చేత బొమ్మలు గీయించే డ్రైవరు అనే ప్రోగ్రాములో తప్పులుంటే తెల్లారేసరికి బయటపడతాయి.

ప్రతి పరీక్షా మొదట అడిగేది, పెట్టెలో ఉన్నది ఏ కార్డు అని. ఆ జవాబు చెప్పే కోడును ఏళ్ల తరబడి వచ్చినవాళ్లు వచ్చినట్టు పెంచుకుంటూ పోయారు. ఒకే ప్రశ్న పది చోట్ల, పది రకాలుగా. ఎవరు ఏ ఉద్దేశంతో రాశారో చూడాలని నిత్యకు మొదటినుంచీ కుతూహలం. ఒకచోట "దీన్ని ముట్టుకోవద్దు" అని మాత్రం రాసి ఉంది. ఆమె ముట్టుకుంది.

అన్నీ ఎత్తేసి, కార్డుల నంబర్లన్నిటినీ ఒకే పట్టికలో చేర్చింది. పరీక్షలు మొదలుపెట్టి, కాఫీ కలుపుకొని వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. తప్పినవి సున్నా. రాత్రంతా పట్టే పని ఐదు నిమిషాల్లో! ఇదెలా అయిందబ్బా అనుకుంటూనే, ఆ సంగతి మేనేజరు వసంత్‌కు చెప్పింది.

"ఏం మాయ చేసినావు నిత్యా?" అన్నాడు పొన్నేరి వైపువాడైన వసంత్, ఫోన్లోనే లేచి నిలబడినట్టు.

"మాయేమీ లేదన్నా. శుభ్రం చేసినా, అంతే."

"వచ్చే నెల నుంచి అందరూ ఆఫీసుకు రావాలని కంపెనీ పెద్దాయన ఆర్డరు ఏసినాడు గదా? నీ మాట నేను మాట్లాడతా. ఇంట్లో ఉండే ఇంత చేసినావంటే, ఇంక రమ్మనేదేమిటికి?"

వసంత్ పెద్దాయనకు చెప్పాడు. పెద్దాయన ఇంకాస్త పెంచి, ఇవే పరీక్షలను తమ ల్యాబుల్లోనూ నడుపుకునే బెంగుళూరు క్లయింటుకు చెప్పాడు. మర్నాడు పొద్దున్నే మీటింగు పెట్టమని క్లయింటు మేడం లక్ష్మీప్రియ కబురంపింది.

ఆ సాయంత్రం అత్త కస్తూరమ్మ పెద్ద గిన్నె నిండా ఇడ్లీ పిండి రుబ్బింది. అత్తిమంజేరిపేట నుంచి ఆమె తమ్ముడి కుటుంబమంతా దిగుతోంది, కొండమీది గుడిలో పిల్లవాడికి పుట్టువెంట్రుకలు తీయించడానికి. చలికాలం కాబట్టి గిన్నెను ఎప్పటిలాగే వెనక గదిలో, బల్ల పక్కన పెట్టింది. వంటింట్లో చోటు చాలక పెడుతోందని నిత్య అనుకునేది.

పొద్దున మీటింగు మొదలు కాకముందే వెనక గదిలోంచి కస్తూరమ్మ కేక వినిపించింది.

"పిండి పొంగలా! సున్నం మాదిరి గిన్నె అడుగున పడుండాది!"

నిత్య చీర సర్దుకుని కంప్యూటరు ముందు కూర్చునేలోపే కస్తూరమ్మ వీధి చివరి అంగడికి పోయి, అంగడాయన రాజమాణిక్యాన్ని వెంటబెట్టుకుని వచ్చేసింది.

"ఏం ఉద్దిపప్పు ఇచ్చినావు తంబీ? చుట్టాలు బస్సులో ఉండారు. వాళ్లకేం పెట్టేది?"

"అక్కా, వీధంతా ఇదే పప్పు తీసకపోయినారు. నీ పిండికి ఒక్కదానికే రోషమొచ్చిందా? నీళ్లనడుగు."

మునిసిపాలిటీ నీళ్లు వదిలే వెంకటముని సైకిలు మీద పోతుంటే అతణ్ణీ లోపలికి పిలిచారు. అతడు వేలితో పిండి తీసి, నాలుకకు రాసుకుని, చాలాసేపు ఆలోచించాడు.

"నీళ్లలో ఏం దోషం లేదు. ఉప్పే లేదు."

"ఉప్పు పొంగినాక ఏస్తాను!"

"మరి పొంగలేదంటావే!"

అప్పటికే తెరమీద వసంత్ నవ్వుతూ నిత్యను పొగడడం మొదలుపెట్టాడు. మైకు ఆపేసి ఆమె వెనక్కి చెయ్యి ఊపింది. ముగ్గురూ గొంతులు తగ్గించారు గాని గిన్నెను వదల్లేదు.

"ఇన్నాళ్లూ ఈ పెట్టె పక్కనే పెడతా ఉండా," అని కస్తూరమ్మ గుసగుసలాడింది. "రాత్రంతా కుంపటి మాదిరి కాగతా ఉంటాది. తెల్లారేసరికి పిండి గిన్నె దాటి వస్తాది. ఈ పొద్దు ఏమైందో!"

నిత్య చెయ్యి తనకు తెలియకుండానే బల్ల కిందికి పోయింది. పెట్టె చల్లగా ఉంది.

ఫలితాల పేజీ తెరిచి, నిన్న చదవని వరసలు ఇప్పుడు చదివింది. తప్పినవి సున్నా. నడిచినవి కూడా సున్నా. వదిలేసినవి అన్నీ. కార్డు నంబరులో అంకెల మధ్య ఇంగ్లీషు అక్షరాలుంటాయి. ఆమె పట్టికలో అవి పెద్దక్షరాలు, పెట్టె చెప్పేవి చిన్నక్షరాలు. రెండూ కలవక, ఇది ఏ కార్డో తెలియదని జవాబు వచ్చింది. తెలియని కార్డుతో మాకేం పనని పరీక్షలన్నీ వరసగా పక్కకు తప్పుకున్నాయి.

తెల్లవారుజామున చెన్నైకి కిక్కిరిసి పోయే రైలు ఆమె కళ్లముందు కదిలింది. నోరు మూసుకుని, సాయంత్రం గుట్టుగా సరిచేస్తే ఎవరికీ తెలియదు. కాని వసంత్ అప్పటికే, ఈ కోడును అన్ని ఊళ్ల ల్యాబుల్లోనూ పెట్టేద్దామంటున్నాడు. నిత్య మైకు తెరిచింది.

"క్షమించండి మేడం. నా పరీక్షలు వేగంగా నడవలేదు. అసలు నడవనే లేదు. కార్డును నా కోడు గుర్తుపట్టలేదు."

వసంత్ నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది. లక్ష్మీప్రియ మాత్రం కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"ఒక్క నిమిషం నిత్యా. మీకు ఇన్నాళ్లూ రాత్రంతా ఎందుకు పట్టిందో అడుగుదామనే నేనీ మీటింగు పెట్టించాను. మేము రెండేళ్ల కిందటే ఈ కోడు శుభ్రం చేసుకున్నాం. అప్పట్నుంచీ మాకు ఐదు నిమిషాలే."

నిత్య బల్ల కింది చల్లటి పెట్టె వైపు మళ్లీ చూసింది.

"మేడం," అంది నిత్య మెల్లగా, "మీ పెట్టెల మీద ఒకసారి చెయ్యి పెట్టి చూస్తారా?"

లక్ష్మీప్రియ లేచి వెళ్లింది. తిరిగి వచ్చేటప్పటికి ఆమె నడకే మారిపోయింది. వాళ్ల పెట్టెలూ చల్లగానే ఉన్నాయి. రెండేళ్లుగా వాళ్లు బయటికి పంపిన డ్రైవర్లను ఏ పరీక్షా చూసినట్టు లేదు. ఆ సంగతి ముందుగా కనిపెట్టిన మనిషి ఎక్కడుందో అక్కడే ఉండి, వాళ్ల ల్యాబుల్ని కూడా చూడాలని పెద్దాయనను లక్ష్మీప్రియే అడిగింది. వసంత్ ఊపిరి పీల్చుకున్నాడు. అత్తిమంజేరిపేట చుట్టాలు ఉప్మా తిని కొండెక్కారు.

సాయంత్రం బెంగుళూరు నుంచి అందరికీ ఒక మెయిల్ వచ్చింది: ఇకమీదట రాతపూర్వకమైన అనుమతి లేకుండా ఎవరూ ఏదీ శుభ్రం చేయరాదు.