బాధ్యత నాది

ఆర్మూర్‌లో ఆ ఉదయం సంధ్యారాణి పెట్టుకున్న పని ఒక్కటే, తన సర్వర్‌కు పచ్చ టిక్కు తెచ్చుకోవడం. పసుపు ధర అడిగితే ఆ రోజు మార్కెట్ ధర చెప్పే చిన్న సర్వర్ అది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల ఆమె కోడ్ ఎలా రాసిందో చూడొచ్చు. ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు కనుక ఆమె పరువు నిలిచింది. ఇలాంటి సర్వర్ల జాబితా పెట్టే వెబ్‌సైట్‌లో దాని పక్కన ‘ధ్రువీకరణ లేదు’ అని ఎర్రగా ఉంది. ఆమె ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిన హైదరాబాద్ కంపెనీ వాళ్లు సాయంత్రం ఆ పేజీ చూసి, నచ్చితే ఫోన్లోనే ఇంటర్వ్యూ చేస్తామన్నారు.

టిక్కు రావాలంటే ఐదుగురు ‘నేను వాడుతున్నాను’ అనే మీట నొక్కాలి. నిజంగా వాడేది ఆమె తండ్రి నరహరి ఒక్కడే, అదీ ధర ఎంతని ఆమెనే అడిగి. సంధ్యారాణి లింకును చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టి, "జర అందరు నొక్కుండ్రి" అని రాసి, టీ పెట్టుకోవడానికి వెళ్లింది.

దుబాయ్‌లో డ్రైవర్‌గా ఉన్న మేనమామ ముత్తెన్న ముందుగా పేజీ తెరిచాడు. అక్కడ ఇంకో మీట కూడా ఉంది, ‘దీని నిర్వహణ బాధ్యత నాది’ అని. వెంటనే గ్రూపులో ఆయన వాయిస్ మెసేజ్ వచ్చింది.

"వాడుతున్న అని ఎవడన్న అంటడు. గట్ల ఉత్తగ నొక్కితే పిల్లకు నౌకరి వస్తదా? జామీను ఉన్నట్టుండాలె. అందరు రెండోది నొక్కుండ్రి."

ఆ చుట్టాల్లో సాక్షి సంతకానికి ఒకరిని పిలిస్తే పదిమంది వస్తారు. టీ మరిగేలోపు ముప్పైనాలుగు మంది వచ్చారు. బీడీలు చుడుతున్న తల్లి లక్ష్మవ్వ కత్తెర పక్కన పెట్టి మరీ నొక్కింది.

సంధ్యారాణి తిరిగొచ్చేసరికి పేజీ మీద ‘యాజమాన్య వివాదం, జాబితా నుంచి తాత్కాలికంగా తొలగించాం’ అని ఉంది.

"అమ్మా, నువ్వు గూడ నొక్కినవా?"

"నొక్కిన. కన్నదాన్ని నేను. బాధ్యత నాది గాకుంటె ఎవలది?"

వెబ్‌సైట్ వాళ్లు అందరికీ ఒకే ప్రశ్న పంపారు: ‘సర్వర్ ఆగిపోతే మీరేం చేస్తారు?’ సంధ్యారాణి రెండు పేజీల జవాబు మొదలుపెట్టి, నిజం అడ్డొచ్చి, ‘ఒకసారి ఆపి మళ్లీ నడిపిస్తాను, ఎందుకు ఆగుతుందో నాకూ తెలియదు’ అని పంపింది. తర్వాత మామకు ఫోన్ చేసింది.

"మామా, నువ్వేం రాయకు."

"రాసి గంటైంది. సంధ్యకు ఫోన్ కొడుత అని రాసిన."

"తక్కినోళ్లు?"

"నాది జూసి గదే పంపిన్రు. ఫికర్ జెయ్యకు."

నాలుగింటికి పేజీ తిరిగొచ్చింది, పచ్చ టిక్కుతో సహా. కింద ఒక వాక్యం: ‘ముప్పైనాలుగు మందీ ఒకే మనిషి పేరు చెప్పారు కనుక నిర్వాహకురాలు ఆమేనని నమ్ముతున్నాం, మిగతావాళ్లను వాడేవాళ్లుగా లెక్కించాం.’ ఆమె సంతోషం పట్టలేక ఆ సంగతి గ్రూపులో పెట్టింది. బాధ్యత తమది కాబట్టి ముప్పైనాలుగు మందీ, సర్వర్ నడుస్తోందా ఆగిందా అని కనుక్కోవడానికి ఆమెకే వరసగా ఫోన్లు చేశారు.

ఆరింటికి హైదరాబాద్ నుంచి మెయిల్ వచ్చింది. పేజీ బాగా నచ్చిందట. ఏడుసార్లు ఫోన్ చేస్తే ఏడుసార్లూ లైన్ దొరకలేదట. ఇంత తీరిక లేని మనిషి మీద తమ ఉద్యోగం కూడా మోపడం భావ్యం కాదని వేరొకరిని తీసుకున్నారట.

ఆ మెయిల్ చివరిదాకా చదవడం సంధ్యారాణికి కుదరలేదు, మధ్యలో ముత్తెన్న ఫోన్ వచ్చింది.