నిల్వలో ఎనభై ఆరు ఊపిర్లు

మనిషి ఊపిరి మనిషిదే అనే అపోహ మా ఊళ్లలో ఇంకా పోలేదు. ములుగులో బస్సెక్కి వరంగల్ వచ్చి, దవాఖానలో మందుల కిటికీ ముందు (ఏ దవాఖానో చెప్పాలంటే ఇంకో ఫారం నింపాలి) మూడు గంటలు నిలబడితే అది దానంతటదే పోతుంది.

మా నాయినమ్మ మొగిలమ్మకు దమ్ము జబ్బు. వరికోత మిషన్ దుమ్ము లేపే రోజుల్లో ఇన్‌హేలర్ లేకపోతే ఆమెకు పూట గడవదు. వచ్చే సోమవారం మా ఇంటి పక్క మడిలోనే మిషన్ దిగుతుంది. పోయిన వారం ఇన్‌హేలర్ సరిగా కొట్టడం లేదని, వెలగని టార్చిలైటును దారికి తెచ్చినట్టే దీన్నీ తేబోయింది. గడపకేసి రెండు దెబ్బలు వేసింది. టార్చిలైటు మీద నలభై ఏళ్లుగా పనిచేస్తున్న ఈ వైద్యం ఇన్‌హేలర్ మీద పనిచేయలేదు. మూతి దగ్గర ప్లాస్టిక్ గొట్టం పగిలిపోయింది. లోపలి మందు డబ్బాకు మాత్రం ఏమీ కాలేదు. దాని నెత్తి మీద 86 అనే అంకె నిక్షేపంగా ఉంది.

కిటికీలో చంద్రమౌళి సారు నిబంధన వివరించారు. సున్నా చూపించే పాతది ఇస్తేనే కొత్తది ఇస్తారు. మాకు ఇంకా ఎనభై ఆరు సార్లకు మందు ఉంది కాబట్టి, ఆఫీసు దృష్టిలో మేము కలిగినవాళ్లం.

"సారూ, మందు ఉన్నది. నోట్లెకు వస్తలేదు," అన్నది నాయినమ్మ.

"వచ్చుడు, రాకపోవుడు మా సెక్షన్ కాదు పెద్దమ్మా. ఉన్నదా లేదా, గదే మా సెక్షన్."

రాకపోవడాన్ని మొదటి అంతస్తులోని పగుళ్ల నిర్ధారణ విభాగం చూస్తుంది. అక్కడి సుకన్య మేడం చాలా మంచివారు. గొట్టం పగిలిందని కళ్లారా చూశారు. కానీ కళ్లారా చూడడం తనిఖీ కిందికి రాదట. పగలడం వల్ల రోగికి ఊపిరి ఆడడం లేదని రుజువు కావాలి. అంటే నాయినమ్మ ఆమె ఎదుట ఆయాసపడాలి. మెట్లెక్కి వచ్చిన నాయినమ్మ అప్పటికే ఆయాసపడుతోంది. మేడం దాన్ని మెట్ల ఆయాసంగా నమోదు చేసి, అసలుది వచ్చేదాకా కూర్చోమన్నారు. (బల్ల ఉంది. ఫ్యాను కూడా ఉంది.)

పన్నెండింటికి అసలుది వచ్చింది. అయితే ఆయాసం వచ్చినవాళ్లు ఆఫీసు గదిలో ఉండకూడదని ఇంకో నిబంధన. ఇద్దరు సిస్టర్లు ఆమెను ఎమర్జెన్సీకి తీసుకుపోయి, ముఖానికి మాస్కు తగిలించి మందు పొగ పట్టారు. నాయినమ్మ తేరుకుంది. ఈసారి లిఫ్టులో మళ్లీ పైకి పోతే మేడం ఆమెను నిదానంగా గమనించి, ఫారంలో "ఊపిరి బాగుగా ఆడుచున్నది" అని రాసి ముద్ర వేశారు.

ఆ ముద్రతో కిందికి వచ్చాం. కిటికీ లోపల ఒక అట్టపెట్టె నిండా జనం తిరిగిచ్చిన ఖాళీ ఇన్‌హేలర్లు ఉన్నాయి. అన్నీ మా రకమే. ఒక్క గొట్టమూ పగల్లేదు. నాకు కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నోరు రాదు, అందుకని చీటీ రాసి లోపలికి పంపాను: "సార్, వాటిలో ఒక గొట్టం ఇస్తే మా డబ్బా అందులో పెట్టుకుంటాం."

సారు చీటీని రెండుసార్లు చదివి, దాని మీద ఇన్‌వర్డ్ నంబరు వేశారు. ఖాళీవి పనికిరానివని ప్రకటించారు కాబట్టి వాటిని వాడకూడదు. మాది పనికొచ్చేది కాబట్టి పారేయకూడదు. మంచి మందు మా దగ్గర, మంచి గొట్టాలు వాళ్ల దగ్గర ఉన్నాయి. రెంటినీ కలిపే విషయం చూడడానికి హైదరాబాద్‌లో ఒక కమిటీ ఉందట. దానికి ఇంకా సభ్యులు లేరు.

"సోమారం మిషన్ దిగుతది బిడ్డా. మరి నేనేం జెయ్యాలె?" అని నాయినమ్మ మెల్లగా అడిగింది.

సారు మనసు కరిగింది. మా డబ్బాను వెలుతురుకు పట్టి గడువు తేదీ చదివారు. వచ్చే ఏడాది మార్చితో తీరిపోతుందట. గడువు తీరిన మందు సున్నాతో సమానం. ఏప్రిల్‌లో వరుసలో నిలబడకుండా నేరుగా వచ్చి కొత్తది తీసుకుపోవచ్చు.

అప్పటిదాకా ఆమె ఊపిరి పీల్చుకోవడానికి తమ ఆఫీసుకు ఎలాంటి అభ్యంతరమూ లేదని చీటీ వెనుక రాసి, సంతకం చేసి ఇచ్చారు.